బొంగురుపోయిన ఆంప్లిఫయర్

ఇవాళ మోటార్ వైండింగ్ షాపు ముందు కాలిన వార్నిష్ వాసన వచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో భద్రాచలంలో నాతో సండే స్కూలుకు వచ్చినవాళ్ళకు మా డాడీ గిటార్ ఆంప్లిఫయర్ గుర్తుందా? స్విచ్ వేస్తే వెనకాల గాజు వాల్వులు ఎర్రగా వెలిగేవి. క్రిస్మస్ చలికి మనం అక్కడే చేతులు కాచుకునేవాళ్ళం.

డాడీ వాయిస్తే అమ్మ పాడేది. నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ చనిపోయింది. ఆ తర్వాత ఏడాదిదాకా డాడీ గిటార్ ముట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తీసి మీటితే శబ్దం సన్నగా, బొంగురుగా వచ్చింది. వెనకే ఇదే కాలిన వార్నిష్ వాసన.

వాల్వులు మార్చాడు, స్పీకర్ మార్చాడు. అయినా అదే బొంగురు. చివరికి ప్లగ్ పీకి, లోపల నిలిచిన కరెంటు దిగిపోయేదాకా ఆగి, ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటర్ పెట్టాడు. దాని మధ్య తీగకూ ఒక పక్క తీగకూ పెడితే మీటర్ ముల్లు కదిలింది. రెండో పక్క తీగకు పెడితే కదల్లేదు.

"ఏమైంది డాడీ?"

"స్పీకర్‌కు సౌండ్ పంపేది గిదే బిడ్డా. దీంట్ల చుట్టిన తీగ ఒక సగం కాలి తెగింది. ఖమ్మంల రీవైండింగ్ చేపిస్త."

బస్సులో తీసుకెళ్ళి, వారం తర్వాత తెచ్చి బిగించాడు. శబ్దం మునుపటిలా నిండుగా వచ్చింది. అమ్మ పాడే పాట వాయించడం మొదలుపెట్టాడు. ఆమె గొంతు కలిపే చోటు రాగానే ఆగి, మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. అట్లా మూడుసార్లు.

నాకు ఆ పాట మొత్తం వచ్చు. అయినా గొంతు కలపకుండా గడపలో కూర్చుని కాళ్ళ వంక చూస్తూ ఉండిపోయాను. డాడీ స్విచ్ ఆపి, "అన్నం తిందాం రా" అన్నాడు.