చేతులెత్తినవాళ్ళు నలుగురు

మొన్న మంగళవారం పొద్దున ఆత్మకూరులో మా ఇంటి వరండాలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, మెడలో కార్డు వేసుకున్న ఒకాయన గేటు తీసుకొని వచ్చి సర్వే అన్నాడు. నలభై దాటి ఉంటాయి, మర్యాదస్తుడే, మంచినీళ్ళడిగి తాగాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరేం చేస్తారు అని అడిగి ఫోనులో నొక్కుకుంటూ పోయి, చివర్లో అదే గొంతుతో, "పోయినసారి ఏ గుర్తుకు ఏసినారు మేడమ్? ఊరికే, పైనోళ్ళు రాసుకోని రమ్మన్నారు" అన్నాడు. నేనేదో నసుగుతుండగా, పక్కనే బొమ్మలకు రంగులు వేసుకుంటున్న పదేళ్ళ మనవరాలు తలెత్తి, వాళ్ళ నాన్న ఫేస్‌బుక్‌లో ఏమేం రాస్తాడో చెప్పబోయింది. ఎంత గర్వంగా మొదలుపెట్టిందో! నేను దాని నోటి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కేశాను. ఆయన దాని వంక ఒకసారి చూసి, నవ్వి, వెళ్ళిపోయాడు.

మా అబ్బాయి కాంట్రాక్టు లెక్చరరు. ఏటేటా పొడిగిస్తేనే ఉద్యోగం. గుంటలు పడ్డ రోడ్ల దగ్గర్నుంచి, నోరెత్తినవాళ్ళ మీద పెట్టే కేసుల దాకా ఏదో ఒకటి రాయనిదే వాడికి అన్నం సయించదు. పోస్టు పెట్టినందుకు ఫలానా ఊళ్ళో ఎవర్నో తీసుకుపోయారట అన్న మాట ఈమధ్య చెవిన పడుతూనే ఉంది. ఆ రోజు నుంచి గేటు చప్పుడైతే చాలు, లేచి వెళ్ళి కిటికీలోంచి చూస్తున్నాను. వాడేమో నన్ను చూసి నవ్వుతాడు. నా ఈడువాళ్ళయితే నవ్వరు, నాకు తెలుసు.

మాది ఉదయగిరికీ వరికుంటపాడుకీ మధ్య ఒక మెట్ట పల్లె. మా నాయన మిషన్ బడిలో పంతులు. పొద్దున్నే బస్సులో వచ్చే పేపరు తీసుకొని మా పంచలో కూర్చొని, పనులకు పోయే వాళ్ళందరూ ఆగి వినేట్టు పెద్దగా చదివేవాడు. చదవడమే కాదు, మధ్యమధ్యలో తన మాటలు కూడా కలిపేవాడు, ఏది పేపరుదో ఏది నాయనదో విన్నవాళ్ళకు తెలిసేది కాదు. ఆ పేపరు కోసమే కొంతమంది చుట్టూ తిరిగి మా వీధిలోంచి పొలాలకు వెళ్ళేవాళ్ళు.

మా గుడిలో, అంటే మా బాప్టిస్టు సంఘంలో, తాతల నాటి పద్ధతి ఒకటి ఉండేది. ఏ సంగతి తేల్చుకోవాలన్నా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, అందరినీ కళ్ళు మూసుకొని తల వంచమని, ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండి, దించండి, ఇష్టం లేనివాళ్ళు ఎత్తండి, దించండి అని, తాను లెక్క పెట్టుకొని ఆ లెక్క మాత్రం చెప్పేవారు. చదువురాని వాళ్ళు, ఒకరి పొలంలో కూలికి పోయేవాళ్ళు, మొగుడికి భయపడే ఆడవాళ్ళు, అందరికీ అదే బ్యాలెట్టు పెట్టె. కళ్ళు తెరవడం దేవుడి దగ్గర దొంగతనమని మా అవ్వ చెప్పేది. సంఘపెద్దలను ఎన్నుకోవాలన్నా, గుడికి సున్నం కొట్టించాలన్నా అంతే.

నాకు పదేళ్ళప్పుడు ఎమర్జెన్సీ వచ్చింది. పెట్టినట్టు రేడియోలోనే చెప్పారు. ఆ తరువాత పేపరు సగం ఖాళీ అయిపోయిందని నాయన విసుక్కునేవాడు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పట్టుకుపోతారని, జీపు చప్పుడు వినబడితే మగవాళ్ళు జొన్నచేలల్లో దూరేవాళ్ళు. అలాంటి రోజుల్లో ఒక ఆఫీసరు వచ్చి, ప్రభుత్వం చేస్తున్నదంతా మాకు సమ్మతమేనని సంఘం తరఫున ఒక తీర్మానం రాసి పంపమన్నాడు. చుట్టుపక్కల అందరూ రాసిచ్చేశారట. ఒక కాగితం, కింద అయ్యగారి సంతకం, అంతే పని. అయితే మా అయ్యగారికి ఓటు తీయకుండా తీర్మానం రాయడం చేతకాదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కళ్ళు మూసుకోమన్నారు.

నేను తెరిచాను. ఎందుకు తెరిచానంటే చెప్పలేను. అవ్వ పక్కన చాప మీద కూర్చున్నాను, ఇష్టం లేనివాళ్ళు ఎత్తండి అన్నప్పుడు అవ్వ కొంగు నా చెంపకు తగిలింది, చూశాను. అవ్వ చెయ్యి పైకుంది. అటు మగవాళ్ళ వైపు మా నాయన చెయ్యి, నిటారుగా, బడిలో జవాబు తెలిసిన పిల్లవాడు ఎత్తినట్టు. ఇంకో రెండు చేతులు. నాకు ఒళ్ళంతా పొంగిపోయింది.

అయ్యగారు ఉన్నదున్నట్టు రాశారు. సంఘానికి సమ్మతమనీ, నలుగురికి సమ్మతం లేదనీ రాసి, సంతకం పెట్టి పంపించారు! ఇంకెవరైనా ఆ నలుగురినీ మింగేసి ఉండేవారు. మావాళ్ళకు ఓటు లెక్కలో అబద్ధం రాయవచ్చన్న సంగతే తోచలేదు.

నాలుగో రోజు జీపు గుడి ముందు ఆగింది. ఎవరా నలుగురు అని ఆఫీసరు అడిగితే, "చేతులు లెక్కబెట్టినాను గానీ మొహాలు చూళ్ళేదయ్యా" అన్నారు అయ్యగారు. నేను కిటికీలోంచి విన్నాను. తరువాత ఊళ్ళో ఒక్కొక్కరినీ అడిగారు. అందరిదీ ఒకే మాట, కళ్ళు మూసుకున్నామని. అది నిజం కూడా. జీపులో వచ్చినవాళ్ళు ఏం చేయలేక వెళ్ళిపోయారు. ఊరంతా రెండు రోజులు గుసగుసలతోనే బతికింది.

ఆ రెండు రోజులూ నాకు మాత్రం భయం లేదు. నాకున్నదల్లా గర్వం. మునసబు గారి అమ్మాయి నాకు బళ్ళో జతగత్తె. వాళ్ళింట్లో రేడియో ఉందని, వాళ్ళ నాయనకు తుపాకీ ఉందని ఎప్పుడూ చెప్పేది. బావి దగ్గర మళ్ళీ ఆ తుపాకీ మాట ఎత్తేసరికి, "మా నాయన ఆఫీసరుకే భయపళ్ళేదు, నేను చూసినా, చెయ్యెత్తినాడు" అనేశాను. అవ్వ పేరు ఎందుకో చెప్పలేదు. ఆ పిల్ల చెడ్డది కాదు. అన్నం తింటూ ఇంట్లో చెప్పి ఉంటుంది, అంతే.

మర్నాడు పొద్దున నాయన పంచలో పేపరు చదువుతుండగానే జీపు వచ్చింది. పేపరు మడిచి అవ్వ చేతికిచ్చి, చెప్పులు వేసుకొని ఎక్కాడు. ఉదయగిరి వైపు పోయిందా జీపు. తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. అమ్మ పొయ్యి ముందు కూర్చొని మంట ఆరిపోయినా లేచేది కాదు. అవ్వ రోజూ బస్సు టైముకు రోడ్డు మీదికి పోయి నిలబడేది. నాకు జ్వరం వచ్చింది, భయంతో వచ్చిందని ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కూడా నేరుగా చెప్పలేక, పాటల మధ్యలో గొణిగేదాన్ని.

పదో రోజు నాయన బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. దెబ్బలేమీ కనిపించలేదు. ఎక్కడ ఉంచారో, ఏమన్నారో ఎప్పుడూ చెప్పలేదు. మరుసటి రోజు పేపరు వచ్చింది, పంచ ముందు నలుగురైదుగురు అలవాటుగా ఆగారు, నాయన పేపరు లోపలికి తీసుకుపోయి మనసులో చదువుకున్నాడు. ఆ తరువాత ఎప్పుడూ పైకి చదవలేదు.

నేనే చెప్పానని ఆయనకు తెలుసా? చాలా ఏళ్ళకు నేను టీచరు ట్రైనింగు అయి, కలిగిరిలో మొదటి ఉద్యోగానికి బయల్దేరుతుంటే, పెట్టె బస్సు పైకి ఎక్కించి, "పిల్లోళ్ళు నిజం చెప్తే కొట్టబాకమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటే. బస్సు కదిలాక నేను ఏడ్చాను. ముప్ఫైయేళ్ళ సర్వీసులో, రిటైరయ్యాక కూడా ఆ మాట తప్పలేదు, మొన్న మంగళవారం దాకా.

ఎమర్జెన్సీ ఎత్తేశారని కూడా రేడియోలోనే చెప్పారు. విని అవ్వ, "అయిపోయినట్టేనంట్రా?" అని రెండుసార్లు అడిగి, నాయన తల ఊపాక వెళ్ళి వాకిట్లో నీళ్ళు చల్లింది. ఆ ఆదివారం గుడిలో ఏదో చిన్న విషయానికి చేతులెత్తమన్నారు. నేను కళ్ళు ఎంత గట్టిగా మూసుకున్నానంటే నొప్పి పుట్టింది. ఎవరెత్తారో ఈనాటికీ తెలియదు. తెలియకపోవడం అంత సుఖంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

సర్వే ఆయన వెళ్ళాక మనవరాలు నాతో మాట్లాడలేదు. పెదవి లోపల పంటి గాటు పడిందట. సాయంత్రం దగ్గరికి తీసుకొని, నాన్న రాసేవి ఎవరికీ చెప్పకూడదమ్మా అని బతిమాలాను. అది బుద్ధిగా తల ఊపి, "ఎన్ని రోజులు చెప్పకూడదు అవ్వా?" అంది.

పరీక్షలయ్యేదాకా అనో, పండగదాకా అనో ఒక గడువు చెబితే పాటిస్తుంది పాపం. నా చిన్నప్పటి భయం వచ్చిన రోజు మాకు తెలుసు, పోయిన రోజూ తెలుసు, మా అవ్వ అడిగితే తల ఊపడానికి మా నాయన ఉన్నాడు. ఈసారి ఎవరూ ఏదీ పెట్టినట్టు చెప్పలేదు. ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి, పేపరు నిండుగానే వస్తోంది, వచ్చినాయన మంచినీళ్ళు తాగి థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. పెట్టామని చెప్పనిదాన్ని ఎత్తేశామని ఎవరు చెబుతారు? పిల్ల ఇంకా నా మొహంలోకే చూస్తోంది, నేను పొద్దున వదిలేసిన చిక్కుడుకాయల గిన్నె తీసుకొని లోపలికి వెళ్ళిపోయాను.