బొమ్మలు నోట్లో పెట్టరాదు

అరకులో మా బొమ్మల కొట్టుకి ఒక బోర్డు ఉంది. ‘బొమ్మలు నోట్లో పెట్టరాదు’ అని ఎర్ర రంగుతో మా ఆయన చేత రాయించాను. నెలల పిల్లలు బొమ్మతో చేసే పని అదొక్కటేనని నాకు తెలియక కాదు. ఆ బోర్డు పిల్లల కోసం కాదు, కొనడానికి వచ్చే తల్లుల కోసం.

మేము విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్నవాళ్లం. వారానికోసారి డుంబ్రిగుడ సంతకి కూడా సరుకు పట్టుకెళ్లి, టార్పాలిన్ పరుచుకుని కూర్చుంటాను. కొండ దిగి వచ్చే ఆడవాళ్లలో కొందరికి ఒక అలవాటుంది. పసిపిల్లకి బొమ్మ కొనేముందు దాన్ని తామే నోట్లో పెట్టుకుని కొరుకుతారు. ఎలుగుబంటి అయితే కళ్లు పట్టుకుని గుంజుతారు, బండి అయితే చక్రాలు మెలిపెడతారు. మా అత్తగారు పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా నాకు ఇంత పరీక్ష పెట్టలేదు.

చూస్తే నాకు ఒళ్లు మండేది. ఈమధ్య ఒక సంతలో, వీపున ఆడపిల్లని కట్టుకున్న ఒకావిడ పసుపుపచ్చ గిలక్కాయ తీసి నోటి దాకా తీసుకెళ్లింది. చటుక్కున లాక్కున్నాను.

“ఏటమ్మా అది! నువ్వు ఎంగిలి చేసేస్తే మళ్లీ ఎవరు కొంటారు?”

“నా గుంట కొరుకుతాది కదమ్మా. ముందు నాను సూడాల.”

“కంపెనీ వాళ్లు అన్నీ చూసే పంపిస్తారు. కొంటే కొను, లేకపోతే అక్కడ పెట్టు.”

ఆవిడ కొరక్కుండానే కొనుక్కుని వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను. కంపెనీ వాళ్లు నిజంగానే చూశారు. ‘మూడేళ్ల లోపు పిల్లలకి పనికిరాదు’ అని గిలక్కాయల డబ్బా అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలతో వేశారు. ఎవరైనా అడిగితే చదివి చెప్పేదాన్నే. నా అదృష్టం, ఎవరూ అడగలేదు.

తర్వాతి వారం మా అమ్మాయి ఏడు నెలల కొడుకుని తీసుకుని వచ్చింది. మాకు మొదటి మనవడు. వాడి చేతికి తాళంచెవి దొరికితే తాళంచెవి, చెప్పు దొరికితే చెప్పు, అన్నీ నోట్లోకే.

“కొట్టు నిండా బొమ్మలే కదమ్మా, వీడికి మంచిది ఒకటి ఏరి ఇవ్వు” అంది అమ్మాయి.

అదెంత పని అనుకుని మధ్యాహ్నం కొట్టులో కూర్చున్నాను. వాన పడుతోంది, బేరాలు లేవు. మొరిగే కుక్కపిల్లని తీశాను. దాని పొట్ట కింద మూత గోరు తగలగానే తెరుచుకుంది, చొక్కా గుండీ లాంటి బ్యాటరీ అరచేతిలో పడింది. పక్కన పెట్టాను. ఎలుగుబంటి కన్ను రెండో గుంజుకే ఊడి వచ్చింది. రైలుబండి చక్రం వెనక మేకు మొన కనిపించింది. రబ్బరు బాతు అంచు వేలికి గీరుకుంది, పైగా కిరసనాయిలు కంపు. ఇన్నేళ్లుగా ‘ఏం కాదు, తీసుకోండి’ అని అమ్మిన సరుకులో మా వాడికి ఇవ్వడానికి ఒక్కటీ నచ్చడం లేదు. నేను ఇంత గడుసు బేరగత్తెనని నాకే తెలియదు.

చివరికి ఆ రకం పసుపుపచ్చ గిలక్కాయ ఒక్కటే మిగిలింది. ఊపాను, గుంజాను, నేలకేసి కొట్టాను. గట్టిగానే ఉంది. ఎవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసి, నోట్లో పెట్టుకుని కొరికాను. టప్పున రెండు ముక్కలైంది. బఠాణీ గింజలంత పూసలు నాలుక మీద పడ్డాయి. చేతిలోకి ఉమ్మేసుకుంటూ ఉంటే గుమ్మంలోంచి మాట వినిపించింది.

“ఏటమ్మా, నువ్వు కూడా కొరుకుతన్నావా?”

సంతలో నేను కసిరిన ఆవిడే. తడిసిపోయి ఉంది. వీపున పిల్ల లేదు.

అరచేతిలోని పూసల వంక చూశాను. “మీ గుంటేదీ?” అన్నాను.

“ఇంటికాడుంది. మా అత్త సూసుకుంతంది.”

“మరి ఆ గిలక్కాయ?”

“సంత దాటగానే కొరికినాను. ఊడిపోనాది. గింజలు ఏరి పారేసినాను. మా ఊరోళ్లు ఇంకో ఇద్దరు కొన్నారు, ఆళ్లకాడివీ లాక్కుని పారేసినాను.”

నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది, అది నా గుణం. “మరి నాకెందుకు చెప్పలేదు?”

“అమ్మిందానివి కదా. తెలిసే అమ్ముతన్నావనుకున్నాను.”

దెప్పిపొడవలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

“మరి ఇప్పుడెందుకు వచ్చావు?”

“మీ ఇంటికి పసిగుంటడు వచ్చినాడని మా ఊరొచ్చే జీపులో అనుకుంతన్నారు. ఒకేల నీకు తెలీకపోతే, ఆడికి కూడా ఇచ్చేత్తావేమోనని బేగి వచ్చినాను.”

నేను తెలిసే అమ్మానని అనుకుంది. అలాంటిదాని మనవడి కోసం పిల్లని ఇంట్లో వదిలి, వానలో కొండ దిగి వచ్చింది. నేను లేచి నా కుర్చీ ఆవిడ ముందుకు జరిపాను.