గోల్ పోస్టుకు కట్టిన తెర

ఫుట్‌బాల్ అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆటను చూసి కాదు, చూసేవాళ్ళను చూసి.

మొన్నటి ప్రపంచ కప్పు రోజుల్లో ధర్మవరంలో మా వీధి వీధంతా రెండు దేశాలుగా చీలిపోయింది. ఆ దేశాలు పటంలో ఎక్కడున్నాయో చూపించమంటే ఒక్కరికీ చేతకాదు. నేనూ తక్కువ తినలేదు. మగ్గానికి సెల్లు ఆనించుకుని, చీర నేస్తూనే ఒక దేశం కోసం గొంతు చించుకునేవాణ్ణి.

పెనుకొండ హాస్టల్లో చదివే నా కూతురు ఫోన్ చేసింది. "నాయనా, ఆదివారం మా గ్రౌండులో జిల్లా ఫుట్‌బాల్ టీముకు సెలక్షన్ ఉండాది. గోల్‌కు వల లేదు."

నైలాన్ దారం తెచ్చి, మ్యాచులు చూస్తూనే వారం రోజులు వల అల్లాను. తెగిన పట్టుపోగుకు మేం వేసే ముడే వేశాను. లాగేకొద్దీ బిగుస్తుంది. బూట్ల కోసం హిందూపురం పోతే అంగడి నిండా పరదేశాల జెర్సీలే. నా కూతురి కాలికి సరిపోయే జత ఒక్కటీ లేదు. "ఆడపిల్లలు యాడ ఆడతారప్పా?" అని నవ్వాడు అంగడాయన.

శనివారం పోయి వల కట్టి వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ పోయేసరికి గ్రౌండు నిండా షామియానా, కుర్చీలు. ఆ రాత్రి ఫైనల్ చూడటానికట. తెర కట్టడానికి వాళ్ళకు దొరికినవి గోల్ పోస్టులే. నా ముడులు విప్పడం రాక వలను బ్లేడుతో కోసి పడేశారు. దాని మీద గుట్కా ఉమ్ములు.

ఆడపిల్లలంతా ఒక మూల నిలబడ్డారు. చెంపలకు రంగు పూసుకున్న ఒకాయన వాళ్ళతో, "ఈడ ఆడొద్దండమ్మా, పక్కకు పోండి. ఈ పొద్దు ఈడ ఫుట్‌బాల్ ఉండాది" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. సెలక్షన్‌కు వచ్చిన సారు గ్రౌండు ఖాళీ అవుతుందేమోనని గంటసేపు చూసి, ఈసారికి ఇక్కడి పిల్లలు లేనట్టేనని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను ఆ రంగు మనిషి మీదికి పోయాను. "ఆటంటే ప్రాణమంటారే, ఆడే పిల్లలను తరిమేస్తారా?" అని అరిచాను.

"కోపమెందుకప్పా? నీది ఏ టీము?"

నోరు జారి చెప్పేశాను.

"మనోడివే!" అంటూ నన్ను వాటేసుకున్నాడు. వాడి చెంప రంగు నా చొక్కాకు అంటింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

కూతుర్ని ఇంటికి తీసుకొస్తుంటే, బస్సులో తెగిన వలను ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "నాయనా, టీములో నేను యాడ ఆడతానో తెలుసునా నీకు?"

ఆ పరదేశం జట్టులో పదకొండు మందీ ఎవరెక్కడ ఆడతారో నాకు కంఠస్థం. ఈ పిల్ల ఆట ఒక్కసారీ చూడలేదు. వల అడిగింది కదా అని, "గోల్ కాడ" అన్నాను.

"కాదు నాయనా, గోల్ కొట్టేది నేనే" అని కిటికీ వైపు తిరిగింది.