ఫారం నింపకముందు చూసిన వార్డు

ఫినాయిలు వాసన తగిలితే చాలు, సుగుణక్క పక్కనే నిలబడినట్టు ఉంటుంది నాకు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో మా పక్కింటావిడ, పెద్దాసుపత్రిలో నర్సు. తొంభైల్లో ఇంటరు పాసైన నేను నర్సింగు చదువుతానంటే, మేస్త్రి పనిచేసే మా నాన్న ఎక్కణ్ణుంచో ఒక కాలేజీ రంగుల పుస్తకం తెచ్చాడు. అట్ట మీద అద్దాల బిల్డింగు, ముందు ఫౌంటెను. మా స్తోమతకు దక్కేది ఒక్క అవకాశం. తప్పు చోట చేరితే నా చదువు అంతటితో సరి. ఆ సంగతి తెలిసే, నేను ఫారం నింపబోతుంటే సుగుణక్క పెన్ను లాగేసుకుంది.

"చూడకుండానేనా? చీర కొనాలన్నా మడత విప్పించి చూస్తాం కదే!"

తన సెలవురోజు పాడుచేసుకుని మా వెంట బయల్దేరింది. గుమ్మంలో ప్రార్థన చేసి, "ప్రభువు దారి చూపిస్తాడు, కళ్ళు మాత్రం మనమే తెరవాల," అంది. ఆ అద్దాల కాలేజీలో ప్రిన్సిపాలు ఆఫీసులో కూర్చోమంటే, "ముందు వార్డు చూపించండి సార్," అనేసింది. సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. వార్డులో ఇరవై మంచాలు, దుప్పట్ల మీద ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. ఇంజెక్షన్ నేర్చుకునే బొమ్మకు ప్లాస్టిక్ కవరైనా తీయలేదు.

"ఇంత పెద్ద బిల్డింగు ఉండాది కదా సిస్టరమ్మా," అని నాన్న నసిగాడు.

"బిల్డింగు నువ్వూ కడతావు కదన్నా. పేషెంటు ఏడీ? పాప సూది ఎవరికేసి నేర్చుకుంటాది, గోడకా?"



రెండో కాలేజీ యలహంక దగ్గర. రేకుల కప్పు, పెచ్చులూడిన గోడలు. వాటిని చూసి మేస్త్రి మనసు విలవిల్లాడింది. కాలేజీ ఆసుపత్రి వరండా నిండా రోగులు, వాళ్ళ వెంట వచ్చిన జనం. ట్రే పట్టుకున్న ఒక స్టూడెంటు, "జరగప్పా, జరుగు!" అంటూ మోచేత్తో నాన్నను గోడకు నెట్టేసి పరుగెత్తింది.

"అబ్బ, ఎంత పొగరు!" అన్నాడు నాన్న.

సుగుణక్క పకపకా నవ్వింది. "ఇదేనన్నా కాలేజీ. ఈడ పిల్లలకు పనుండాది." పెన్ను తిరిగి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నింపే," అంది.

రెండేళ్ళ తర్వాత అదే వరండాలో ట్రేతో పరుగెడుతున్నాను. ఎవరో అడ్డం. మొహం చూసే తీరిక ఎక్కడిది? "జరగప్పా, జరుగు!" అని తోసేశాను. తీరా చూస్తే నాన్న, చేతిలో నా టిఫిన్ డబ్బా! కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని, పక్కవాళ్ళందరికీ చెబుతున్నాడు: "నా కూతురే! నన్నే తోసేసింది!" ఆ సాయంత్రం సుగుణక్కకు ఆ ముచ్చట నాలుగుసార్లు చెప్పాడట.

ఇప్పుడు అక్కడ పాఠాలు చెప్పేది నేనే. తండ్రులు కూతుళ్ళను వెంటబెట్టుకుని వస్తే ఆఫీసులో కూర్చోబెట్టను. వరండాలో, ట్రేలు వచ్చే దారిలోనే నిలబెడతాను. ఒక్కసారైనా గోడకు నెట్టించుకున్నాకే వాళ్ళ చేతికి ఫారం ఇస్తాను.