పుంగనూరు ట్యాంకు ముందే చెప్పిన డిగ్రీలు

ముందే ఒప్పేసుకుంటాను, బుద్ధితక్కువ పని నాదే. దయ్యం ఎక్కడినుంచో రాలేదు... దానికి ఇల్లు కట్టి, తలుపు తీసి పెట్టింది నేనే. జరిగింది మాత్రం నిజం. మా అమ్మ మీద ఒట్టేద్దామంటే, ఇది కంప్యూటరు క్యాష్ కథ, ఆమె లెక్కలో క్యాష్ అంటే బీరువాలో ఉండేది. కాబట్టి నా జీతం మీద ఒట్టు. అది బీరువా దాకా ఎప్పుడూ రాలేదనుకోండి, అది వేరే భయానక కథ.

మాది పాల కంపెనీ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మూడు చోట్లా చిల్లింగ్ సెంటర్లు. ఊళ్లలో సాయంత్రం పితికిన పాలు అక్కడికొస్తాయి. పెద్ద స్టీలు ట్యాంకులో పోసి నాలుగు డిగ్రీల దగ్గర ఉంచుతారు. వేడెక్కితే విరిగిపోతాయి. ట్యాంకు పక్కన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ఎన్ని డిగ్రీలున్నాయో అది ఆఫీసుకు పంపుతుంది. ఆ అంకెల్ని తెరమీద చూపించే వెబ్ అప్లికేషన్ రాసింది నేను.

పేజీ తొందరగా తెరుచుకోవాలని అందులో క్యాష్ పెట్టాను. అంటే, అడిగిన ప్రతిసారీ పెట్టె దాకా పోకుండా, చివరగా వచ్చిన అంకెను దగ్గర దాచుకుని అదే చూపిస్తుంది. కొంతసేపటికి పాతది పారేసి కొత్తది తెచ్చుకోవాలి. దాన్నే రిఫ్రెష్ అంటాం. మరి కొత్తది రాకపోతే? ఖాళీ గడి చూపించాలి. మా మేనేజరుకు ఖాళీ గడి అంటే గిట్టదు. "చూడ్డానికి బాగుండదు" అన్నాడు. సరేనని రాసేశాను... కొత్తది రాకపోతే పాతదే చూపించు, పచ్చరంగులో.

పెట్టె చచ్చిపోయినా బతికున్నట్టే కనిపిస్తుందన్నమాట. అంత తెలివి నాది.

ఆ రాత్రి మదనపల్లె ఆఫీసులో ఒక్కడినే. కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నాను. పైన ఫ్యాను టక్... టక్... అంటోంది. బయట అంగళ్లు ఊరికి పోయే రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ. తెరమీద మూడు ఊళ్లు, మూడు నాలుగులు. అన్నీ పచ్చగా.

పుంగనూరు ఐదైంది.

చూస్తుండగానే ఆరు... ఏడు.

రిఫ్రెష్ కావాల్సింది నేనేనేమో అనుకున్నాను. మొహం కడుక్కుని వచ్చాను. ఏడే.

పుంగనూరు సెంటర్లో రాత్రి డ్యూటీ రెడ్డెప్పది. ఫోన్ చేశాను.

"రెడ్డెప్పన్నా, ట్యాంకు ఎంత ఉండాది?"

"నాలుగు సార్."

అడిగీ అడగకముందే చెప్పాడు. మా సెంటర్లలో అదొక మర్యాద. బాగుండావా అంటే బాగుండాను అన్నట్టు, ట్యాంకు ఎంత అంటే నాలుగు.

"అది కాదప్పా, లేసి సూసి సెప్పు."

చెప్పుల చప్పుడు. వెనక పాలు చల్లబరిచే మిషను గుయ్ మని తిరుగుతోంది. "సూసినా సార్. ట్యాంకు మీటరు ముల్లు నాలుగు మీదనే ఉండాది. సెయ్యి పెట్టినా, ఐసు మాదిరి ఉండాది. యాల అడుగుతాండారు?"

"ఆ పెట్టె మీద లైటు వెలుగుతాందా?"

అతను గొంతు తగ్గించాడు.

"కోప్పడొద్దు సార్... సాయంత్రమే పీకేసినా. ఈడ ఉండేది ఒక్కటే ప్లగ్గు. నా ఫోను సచ్చిపోయింటే ఛార్జింగు పెట్టుకున్నా."

అంటే సాయంత్రం నుంచి పెట్టె ఒక్క అంకె కూడా పంపలేదు. నా తెలివి ప్రకారం పేజీలో పాత నాలుగే ఉండాలి. ఏడు ఎక్కడిది?

క్యాష్ మొత్తం తుడిచేశాను. క్యాష్ ఖాళీ అవడం నాకు కొత్త కాదు. ఇప్పుడు చూపించడానికి పేజీ దగ్గర ఏమీ లేదు. పాతది లేదు... కొత్తది వచ్చే దారి లేదు. మళ్లీ తెరిచాను.

తెల్ల తెర...

మదనపల్లె, నాలుగు. కుప్పం, నాలుగు.

పుంగనూరు... ఖాళీ. హమ్మయ్య అన్నాను. పైకే అన్నాను.

ఆ ఖాళీలో నెమ్మదిగా... తొమ్మిది. పచ్చగా.

"సార్, ఉండారా?" ఫోన్లో రెడ్డెప్ప.

జవాబు చెప్పబోయాను. అప్పుడే... అతని వెనక ఆ గుయ్ మనే చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది.

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించాను.

"మిషను నిలిచిపాయ సార్" అన్నాడు మెల్లగా. "కరెంటుండాది. లైట్లు ఎలుగుతాండాయి. మిషను మాత్రం..."

మెకానిక్ వచ్చేది తెల్లారాకే. అది ముసలి ట్యాంకు, చలి నిలవదు. "పోయిన ఎండాకాలం ఒకసారి పాలు పోయినాయి సార్. మళ్లీ పోతే ఇంటికే అని సెప్పుండారు" అన్నాడు రెడ్డెప్ప.

దారి ఒకటే. కుప్పం నుంచి మదనపల్లెకు సగం ఖాళీగా వస్తున్న ట్యాంకరు. మేనేజరు చెప్పనిదే అది పుంగనూరులో ఆగదు. ఆయన్ని లేపాను.

"ముల్లు ఎంత?" అన్నాడు.

"నాలుగే సార్. కానీ మిషను ఆగిపోయింది, పేజీలో తొమ్మిది..."

"మిషను తెల్లారి బాగుచేస్తారు. నీ పేజీని నమ్మి లారీ ఆపాలా? ఆపితే రేపటి నుంచి వేరే ఉద్యోగం చూసుకో." పెట్టేశాడు.

నా పేజీని నమ్మొద్దని నాకూ తెలుసు. అయినా డ్రైవరు మస్తాన్‌కు చేశాను.

"మస్తాన్ భాయ్, యాడుండావు?"

"పలమనేరు దాటినా. ఏంది సంగతి?"

"పుంగనూరులో పాలు ఎక్కించుకో."

"మేనేజరు సెప్పినాడా?"

"నేను సెప్తాండా."

"అరె! నీ మాట మీదనా?" నవ్వాడు. "సరే పో. ఉద్యోగం పోతే నా బండికి క్లీనరుగా రా."

మస్తాన్ పాలు ఎక్కించుకునేసరికి ముల్లు ఐదు దాటింది. పాలు బాగానే మదనపల్లె చేరాయి. ట్యాంకు అడుగున కాసిని మిగిలిపోయాయట. తెల్లారి రెడ్డెప్ప ఫోన్ చేశాడు. "అవి ఇరిగిపోయినాయి సార్. ముల్లు తొమ్మిది సూపిస్తాండాది."

తర్వాత సర్వర్లో వెతికాను. ఆ రాత్రి పుంగనూరు నుంచి ఏమీ రాలేదు. వేరే సెంటర్ అంకెలు కలిశాయేమో అన్నారు తోటివాళ్లు. ఆ రెండూ రాత్రంతా నాలుగే. నా కోడ్‌లో తప్పు అన్నారు. ఉండొచ్చు, నా కోడ్‌లో తప్పులకు కొదవలేదు. కానీ జరిగిపోయింది చూపించే తప్పులే నాకు చేతనవును. జరగబోయేది చూపించేంత గొప్ప తప్పు నా వల్ల కాదు. మరి అదేమిటో... ఇప్పటికీ తెలీదు.

రెడ్డెప్ప ఉద్యోగం నిలబడింది, నాదీ నిలబడింది. ఎందుకంటే, లారీ ఆపించింది తనేనని మా మేనేజరు పైవాళ్లకు చెప్పుకున్నాడు. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ సాయంత్రమే క్యాష్ తిరగరాశాను. ఇప్పుడు కొత్త అంకె రాకపోతే గడి ఖాళీగా ఉంటుంది. దానితోపాటు ఒక ఫోను మోగుతుంది. అంకె వచ్చేదాకా ఆగి ఆగి మోగుతూనే ఉంటుంది. అంత ముందుచూపున్న మా మేనేజరు నంబరు కాక ఇంకెవరి నంబరు పెడతాను?

కుప్పంలో చినుకు పడితే చాలు, పెట్టె అంకెలు పంపే లైను పోతుంది. ఈ మధ్య అక్కడ రాత్రిపూట వానలు బాగా పడుతున్నాయి.