వంతెన మీద నవ్విన పిల్ల

కెజయా పడవలోనే పుట్టింది, పడవలోకే కాపురానికొచ్చింది. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున ఫ్యాక్టరీ గోడల మధ్య మెట్లుమెట్లుగా దిగే కాలవే ఆమె ఊరు. ఆ లాకుల్లో ఒక్కోసారి ఒక్క పడవే పడుతుంది. మొగుడు ఏమస్ ఇంజను పడవతో ముందు దిగిపోతే, బొగ్గు నింపిన వెనక పడవను ఆమె భుజాన తాడేసుకుని గట్టువెంట లాక్కొచ్చేది.

అక్షరమ్ముక్క రాదు. సరుకు కాగితం మీద సంతకానికి బదులు గీత గీసినప్పుడల్లా గుమాస్తా నవ్వే నవ్వు ముల్లులా గుచ్చుకునేది. అందుకే కూతురు థర్జాకు ఏడేళ్లు రాగానే, లాకుల పక్క వీధిలో ఉండే ఆడపడుచు లాటీ ఇంట్లో దింపింది.

"నా బతుకు దీనికొద్దు వదినా. బడికి పంపు," అంది.

"కన్నదొకతి, పెంచేదొకతీనా?" అని ఏమస్ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

పడవ వచ్చినప్పుడల్లా ఏమస్ ఆ వీధి వంతెన ముందు కూతురి కోసం హారన్ కొట్టేవాడు. థర్జా పరుగున వచ్చి లాకు తలుపు దూలానికి వీపు ఆనించి తల్లితోపాటు నెట్టేది. కొవ్వు రాసిన రొట్టెముక్క తింటూ బడి కబుర్లు చెప్పేది.

అలా నాలుగైదేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం ఏమస్ ఎప్పటిలా హారన్ కొట్టి ముందుకెళ్లిపోయాడు. కెజయా తాడు లాగుతూ వంతెన దగ్గరికి వచ్చేసరికి, పైన బడిపిల్లలు ముగ్గురు నిలబడి ఉన్నారు. మధ్యలో థర్జా.

"ఒసేయ్, చూడండే! గుర్రం చచ్చిందేమో, పెళ్లాన్ని కట్టారు!" అంది ఒకతి.

"ఛీ, మసి! వీళ్లసలు నీళ్లు పోసుకుంటారంటావా?" అంది రెండోది.

కెజయా అప్పటికే కూతురికేసి చెయ్యెత్తింది. థర్జా తల్లి కళ్లలోకి సూటిగా చూసింది. చూసి, వాళ్లతోపాటు నవ్వింది. ఎత్తిన చేత్తో కెజయా భుజం మీది తాడు సర్దుకుని, తల వంచి వంతెన కిందికి నడిచిపోయింది.

"పిల్ల రాలేదేమే?" అన్నాడు ఏమస్ కింది లాకులో.

"ఇకమీద అక్కడ హారన్ కొట్టకయ్యా. దాని చదువు చెడుతోంది."

అతను నమ్మాడు. మరుసటేడు లాటీ కనబడి, "పిల్ల మీకోసం ఊరికే కాలవకేసి చూస్తోందే," అంది. కెజయా పని ఎక్కువైందంది.

తర్వాత బొగ్గంతా లారీలెక్కింది. పడవలు అమ్మేశారు. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఎక్కడో మూడో అంతస్తులో ఇల్లు దొరికింది. నీటి మీద తప్ప నిద్రపట్టని ఏమస్ అక్కడ రెండేళ్లు కూడా బతకలేదు.

అంత్యక్రియలయ్యాక టీ కప్పులు కడుగుతూ థర్జా హఠాత్తుగా అడిగింది. అప్పటికామె ఆఫీసులో టైపిస్టు, పెళ్లయింది.

"అమ్మా, ఒకసారి నేను వంతెన మీద ఉన్నా. నన్ను చూశావా?"

"ఎప్పుడే? ఎండ కళ్లలో కొడితే నాకేం కనబడుద్ది?"

థర్జా కుళాయి కట్టేసింది.

"మరి హారన్ ఎందుకు మానేశారు? నేనక్కర్లేదనుకున్నారనే అనుకున్నానమ్మా, ఇన్నేళ్లూ."

నిజం చెబితే పిల్ల జన్మంతా కుమిలిపోతుంది. చెప్పకపోతే అక్కర్లేని కూతురుగానే మిగిలిపోతుంది. కెజయా నోరు తెరిచింది.

"హారన్ పాడైపోయింది. బాగుచేయించే తీరిక లేకపోయింది."

"ఓహో," అంది థర్జా. తువ్వాలు మడిచి పెట్టి, బస్సు టైమైందంటూ తల్లి చెంప మీద ముద్దుపెట్టి వెళ్లింది.

తర్వాత ఏటా క్రిస్మస్‌కు వచ్చేది. కోటు విప్పకుండానే, చుట్టపుచూపుగా కూర్చునేది.