గోబర్ గ్యాసూ, దాలి మీది పెరుగూ

పేడ నుంచి మంట వస్తుందంటే నేను నమ్మలేదు. మావారు నిడదవోలు దగ్గర ఎవరింట్లోనో గోబర్ గ్యాసు చూసొచ్చి, పట్టుబట్టి మా పెరట్లో పెట్టించారు. ఇటుకలు కట్టిన గొయ్యి, దాని మీద బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము, లోపల గ్యాసు నిండేకొద్దీ పైకి లేస్తుంది. తీరా వంటింట్లో నీలం మంట వెలిగిన రోజున నాకు ఏడుపొచ్చింది. ఇంకా కట్టెల పొయ్యి ఊదితే చూపు దక్కదని అప్పటికే పాలకొల్లు డాక్టరుగారు చెప్పేశారు మరి.

కొన్నాళ్లకే డ్రమ్ము పైకి లేవడం తగ్గింది. కూర సగం ఉడికేసరికి మంట ఆరిపోయేది. మళ్లీ కట్టెలు, మళ్లీ కళ్ల మంట. గేదెలు తగ్గలేదు, మేతా తగ్గలేదు. మరి పేడంతా ఏమవుతున్నట్టు?

మొదట పాలేరును అనుమానించాను. వెళ్లేటప్పుడు అతని తట్టలోకి తొంగిచూసేదాన్ని. గడ్డిపరక తప్ప ఏమీ ఉండేది కాదు. మావారిని అడిగితే, "చలికాలం కదే, గ్యాసు తక్కువే వస్తదంట" అనేవారు. ఆ మాట నా మొహం చూసి అనేవారు కాదు. అదీ నాకు అనుమానమే.

ఇక మిగిలింది అత్తగారు. గుంతలో పిడకలు రాజేసి, పాలకుండను పొద్దస్తమానం దాని మీదే ఉంచి కాచడం మా ఇంటి అలవాటు. దాలి అంటారు దాన్ని. గ్యాసు వచ్చినా ఆవిడ దాలి మానలేదు. పాత పిడకలున్నాయని చెప్పేవారు. ఒకనాటి మధ్యాహ్నం గడ్డివాము వెనక్కి వెళ్లి చూద్దును కదా, గోడ నిండా పచ్చి పిడకలు, పక్కనే చేతినిండా పేడతో అత్తగారు!

"మీరా అత్తయ్యగారూ!" అన్నాను.

"నన్నంటావేంటమ్మా? నీ మొగుడే కొట్టమన్నాడు. గ్యాసు మీద కాచిన పాలకి ఎర్రమీగడ రాదంట, ఆ పెరుగుతో ముద్ద దిగట్లేదంట. నీకు చెప్పొద్దన్నాడు కూడాను."

ఆ సాయంత్రమే పక్కూరి రైతులు గ్యాసు చూడ్డానికొచ్చారు. మావారు గొప్పగా పొయ్యి వెలిగించారు. మంట రెపరెపలాడి ఆరిపోయింది.

"పాలేరు పేడ సరిగ్గా కలపట్లేదండి" అన్నారు వాళ్లతో.

నాకు ఒళ్లు మండిపోయింది. "పాలేరునంటారేంటండీ? పేడంతా మీ పెరుగ్గిన్నెలోకి పోతుంటే!" అన్నాను.

మర్నాటి నుంచి పేడంతా గొయ్యిలోకే వెళ్లింది. ఆయన తెల్లపెరుగే తిన్నారు. నా కళ్ల కంటే ఎర్రమీగడ ఎక్కువైంది ఆ మనిషికి. అది మాత్రం నేను మరిచిపోలేదు.